జూలో పర్యావరణ పాఠం: వర్చువల్ రియాలిటీ నుంచి కృత్రిమ మేధ దాకా

జంతు ప్రదర్శనశాలకు వచ్చినవారికి జంతువుల బతుకు, వాటి అడవులు, వాటికి ముంచుకొస్తున్న ముప్పుల గురించి తెలియజెప్పడానికి వాడే డిజిటల్ సాధనాలు స్థూలంగా రెండు తెగలు. చూసేవారిని దృశ్యం లోపలికి తీసుకెళ్లి అందులో లీనం చేసేవి మొదటి తెగ: వర్చువల్ రియాలిటీ, ఆగ్మెంటెడ్ రియాలిటీ, గోడల నిండా పరుచుకునే ప్రొజెక్షన్లు, హోలోగ్రామ్‌లు. తమంతట తాము గుర్తుపట్టి, పోల్చి, జవాబు చెప్పేవి రెండో తెగ: ఫొటోలోని జంతువును పోల్చుకునే ప్రోగ్రాములు, కూతను బట్టి పిట్ట పేరు చెప్పే యాప్‌లు, సందర్శకుడితో మాట్లాడే చాట్‌బాట్‌లు. ఈ రెండో తెగ వెనక పనిచేసేది కృత్రిమ మేధ. ఇప్పుడు ఒకే ప్రదర్శనలో రెండూ కలిసిపోతున్నాయి.

ప్రపంచవ్యాప్తంగా జూలకూ అక్వేరియంలకూ ఏటా 70 కోట్లకు పైగా సందర్శనలు జరుగుతాయని అంచనా. ఇంతమంది తమంతట తాముగా నడిచివచ్చే పర్యావరణ పాఠశాల మరొకటి దొరకడం కష్టం. అయితే వచ్చినవారు ఏం నేర్చుకుని వెళ్తున్నారు? 26 జూలు, అక్వేరియంలలో 5,661 మందిని లోపలికి వెళ్లేముందూ బయటికి వచ్చాకా ప్రశ్నించిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో, జీవవైవిధ్యం అంటే ఏమిటో కొంతైనా చెప్పగలిగినవారు 69.8 శాతం నుంచి 75.1 శాతానికి పెరిగారు. దాన్ని కాపాడటానికి తాము చేయగల పని ఒకటి చెప్పగలిగినవారు 50.5 శాతం నుంచి 58.8 శాతానికి పెరిగారు. మేలు నిజమే, కానీ కొంచెమే. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం చెట్టు నీడన పడుకున్న పులి మనకు ఒళ్లు చూపిస్తుంది, బతుకు చూపించదు. అది రాత్రి నడిచే మైళ్లు, దాని ఆకలి తీర్చే దుప్పుల మంద, ఆ దుప్పులు మేసే గడ్డి, ఆ గడ్డిని కోసుకుపోతున్న రోడ్డు ఇవేవీ ఎన్‌క్లోజర్‌లో పట్టవు. కొత్త సాధనాల విలువ కట్టాల్సింది ఇక్కడే: బోనులో పట్టని వాటిలో అవి ఎంత చూపించగలిగాయన్నదాన్ని బట్టి.

తెరల కంటే ముందు

లీనం చేయడమన్న ఆలోచన కంప్యూటర్లతో పుట్టలేదు. జర్మనీలో కార్ల్ హాగెన్‌బెక్ 1907లో హాంబర్గ్ దగ్గర తెరిచిన జంతుశాలలో ఇనుప కడ్డీలు తీసేశాడు. ఏ జంతువు ఎంత దూరం దూకగలదో చూసి, అంతకు మించిన కందకాలు తవ్వించాడు. కందకం కంటికి ఆనకపోవడంతో ముందు మేసే జంతువులు, వెనక సింహాలు, ఆపైన కొండలు ఒకే దృశ్యంలో కలిసి కనిపించేవి. 1970ల చివర్లో అమెరికాలోని సియాటిల్‌లో వుడ్‌లాండ్ పార్క్ జూ గొరిల్లాల కోసం చేసిన ఏర్పాటు ఇంకో అడుగు ముందుకు వేసింది. గొరిల్లా ఉన్నవైపే కాదు, సందర్శకుడు నిలబడేవైపూ అవే చెట్లు నాటారు. జంతువు మన ఊరికి రాలేదు, మనమే దాని ఊరికి వెళ్లామన్న భావన కలిగించడం దాని ఉద్దేశం. జూ నిర్మాణ నిపుణులు లీనమవడమన్న మాటను వాడటం మొదలుపెట్టింది ఈ తరహా ప్రదర్శనల గురించే.

అట్లాంటాలో పిల్ల గొరిల్లా అయిన పిల్లలు

జూలో వర్చువల్ రియాలిటీ గురించి ఎవరు రాసినా మొదట చెప్పుకోవాల్సింది అమెరికాలోని జూ అట్లాంటా. అక్కడ విల్లీ బి. అనే మగ గొరిల్లా 1960ల తొలినాళ్ల నుంచి 27 ఏళ్లు ఒంటరిగా గదిలోనే బతికింది. దానికి తోడు వేలాడదీసిన ఒక టైరు, ఒక టెలివిజన్ సెట్టు. అంటే ఆ గదిలో తెర ఉంది, అడవి లేదు. 1980ల నడుమ దేశంలోకెల్లా అధ్వానమైన జూలలో ఒకటిగా పేరుపడ్డాక ఆ సంస్థ తనను తాను తిరిగి కట్టుకుంది. 1988లో విల్లీ బి. మొదటిసారి పచ్చిక మీద కాలు పెట్టింది. తర్వాత గుంపులో కలిసి తండ్రి అయింది. 2000లో చనిపోయింది.

ఆ కొత్త గొరిల్లా ఆవరణనే ఆధారం చేసుకుని 1990ల నడుమ జార్జియా టెక్ పరిశోధకులు ఒక వర్చువల్ గొరిల్లా ప్రదర్శన తయారుచేశారు. తలకు హెడ్‌సెట్ తగిలించుకున్న బడిపిల్ల అందులో సందర్శకురాలు కాదు, ఈడొస్తున్న పిల్ల గొరిల్లా. గుంపులో పెద్ద మగది ఉంటుంది, ఆడవి ఉంటాయి, పిల్లలుంటాయి. ఎవరి దగ్గరికి ఎంతవరకు వెళ్లవచ్చో ఎవరూ చెప్పరు. నెమ్మదిగా, తల పక్కకు తిప్పుకుని వెళ్తే ఏమీ కాదు. వెన్ను నెరిసిన మగ గొరిల్లా కళ్లలోకి సూటిగా చూస్తూ దగ్గరికి పోతే అది ముందు విసుగు చూపుతుంది. అప్పటికీ తగ్గకపోతే గుండెలు బాదుకుంటూ మీదికి వస్తుంది. వెనక్కి తగ్గి చూపు దించితే శాంతిస్తుంది. అరుపులూ గురకలూ జూలోని గొరిల్లాల నుంచి రికార్డు చేసినవే.

ఇప్పటి కళ్లతో చూస్తే ఆ బొమ్మలు మొరటుగా ఉంటాయి. పాఠం మాత్రం ఇప్పటికీ పాతబడలేదు. గొరిల్లాను తేరిపార చూడకండి అని గొరిల్లాలున్న కొన్ని జూలలో బోర్డు ఉంటుంది, చదివేవారు ఉండరు. చూపు కూడా బెదిరింపు అవుతుందని ఒక్కసారి ఒంటితో తెలుసుకున్న పిల్ల, గాజు పలక దగ్గరికి వెళ్లినప్పుడు దాన్ని తట్టదు. మూడు దశాబ్దాల తర్వాత వస్తున్న ఖరీదైన ప్రదర్శనల్లో చాలావాటిలో ఈ గుణం లేదు. అవి సందర్శకుడిని జంతువుల మధ్య దెయ్యంలా తిప్పుతాయి. అతడు ఎక్కడికి పోయినా ఏ జంతువూ తల ఎత్తదు.

సాధనాలు, వాటి పరిమితులు

తలకు తగిలించుకునే కంప్యూటర్ తెరను ఐవాన్ సదర్లాండ్ 1968 నాటికే చేసి చూపించాడు. 1994లో పాల్ మిల్‌గ్రామ్, ఫుమియో కిషినో ఈ రంగానికి ఒక కొలబద్ద ఇచ్చారు. ఆ కొసన పూర్తి వాస్తవం, ఈ కొసన పూర్తి కల్పన, నడుమ రెండూ కలిసిన మెట్లు. ఎదురుగా ఉన్న నిజమైన దృశ్యం మీద బొమ్మనో అక్షరాలనో అమర్చే ఆగ్మెంటెడ్ రియాలిటీ ఆ నడిమి మెట్లలో ఒకటి. జూకు నిజానికి ఎక్కువ పనికొచ్చేది ఇదే, ఎందుకంటే ఇది జంతువును కళ్లముందు నుంచి తీసేయదు. హెడ్‌సెట్ పెట్టుకుంటే పక్కనున్న అమ్మానాన్నలు కూడా కనిపించరు. కళ్లు పరుగెడుతున్నామంటే చెవిలోని సమతుల్యత అవయవం నిలబడే ఉన్నామంటుంది. ఆ పేచీ వల్ల కొందరికి తల తిరుగుతుంది, వాంతి వస్తుంది. చిన్నపిల్లలకు అసలు కుదరదు: మెటా కంపెనీ క్వెస్ట్ హెడ్‌సెట్లకు 2023 దాకా కనీస వయసు 13 ఏళ్లు, ఆ తర్వాత 10 ఏళ్లు. మన ఎండల్లో వంద మంది చెమట పట్టిన ముఖాలకు ఒకే హెడ్‌సెట్ తగిలించే చోట, ప్రతిసారీ తుడిచే మనిషి లేకపోతే దాన్ని వాడకపోవడమే మంచిది.

గూగుల్ 2019లో వెతుకులాట ఫలితాల్లో త్రీడీ జంతువులను పెట్టింది. 2020 లాక్‌డౌన్‌లో మన ఇళ్లలోనూ పిల్లలు హాల్లో సోఫా పక్కన పులిని నిలబెట్టి ఫొటోలు దిగారు. ఆ ఫొటోలు చూస్తే ఈ సాధనం బలమూ బలహీనతా రెండూ తెలుస్తాయి. పులి ఎంత పెద్దదో కొలతతో సహా కళ్లకు కడుతుంది, పులి ఎక్కడ ఉండాలో మాత్రం చెప్పదు. పారిస్‌లోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం 2021లో ఇదే సాధనాన్ని మరింత ఆలోచించి వాడుకుంది. అంతరించిపోయిన జంతువులను, అవి ఇక ఎప్పటికీ కనిపించవన్న ఎరుకతో సహా, సందర్శకుల ముందు నిలబెట్టింది. లేని జంతువుకు లేని రూపం ఇవ్వడంలో ఒక న్యాయం ఉంది.

హోలోగ్రామ్‌ల సంగతి వేరు. జర్మనీ సర్కస్ రోంకల్లి 2018 నుంచి జంతువుల స్థానంలో కాంతితో చేసిన బొమ్మలను ఆడిస్తోంది. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 2023లో పూర్తిగా హోలోగ్రామ్‌లతోనే ఒక జూ తెరిచారు. సర్కస్‌లో ఏనుగును ముక్కాలిపీట మీద నిలబెట్టడం ఆగిపోవడం గొప్ప మేలు. కానీ సంరక్షణ పాఠం చెప్పాలంటే ఆ ఏనుగు దారికి అడ్డంగా ఏం కట్టారో కూడా చూపాలి. అది చూపని హోలోగ్రామ్ పర్యావరణ విద్య కిందికి రాదు.

రాత్రిని చూపే కెమెరా

అన్నిటికన్నా చవకైనదీ, అన్నిటికన్నా తక్కువగా పొగడ్త దొరికినదీ లైవ్ కెమెరా. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ జాతీయ జూలో పాండాల కెమెరా 2000లో మొదలైంది. 2013 అక్టోబరులో అమెరికా ప్రభుత్వ కార్యాలయాలు మూతపడి ఆ కెమెరా ఆగిపోతే అది జాతీయ వార్త అయింది. కరోనా కాలంలో తలుపులు మూసిన జూలెన్నో ఇలాగే ఇళ్లలోకి వెళ్లాయి. సిన్సినాటి జూ 2020 మార్చిలో ఫియోనా అనే పిల్ల నీటిగుర్రంతో రోజువారీ పాఠాలు మొదలుపెట్టింది.

ఇలాంటి కెమెరాకు తగిన జంతువు మన హైదరాబాద్‌లోనే ఉంది. మూషిక జింక మన దేశంలోని గిట్టల జంతువుల్లో అతి చిన్నది, పిల్లికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పగలంతా పొదల్లో, తొర్రల్లో నక్కి, చీకటి పడ్డాక రాలిన పండ్ల కోసం తిరుగుతుంది. నెహ్రూ జూ పార్కులో 2010లో, అంతరించే ముప్పున్న జాతులపై పనిచేసే లాకోన్స్ పరిశోధనశాల శాస్త్రవేత్తలు, జూ సిబ్బంది కలిసి వీటి సంతతి పెంచడం మొదలుపెట్టారు. 2017లో కొన్నిటిని నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. జూలో పుట్టి అడవికి చేరిన జంతువు కథ ఇంతకన్నా ఏం కావాలి? అయినా పగటిపూట వచ్చే సందర్శకుడి కంటికి ఆ జింక ఆనడమే అరుదు. పరారుణ కిరణాలతో చీకట్లో చూసే ఒక కెమెరా, ఒక తెర, రెండు నిమిషాల తెలుగు వ్యాఖ్యానం ఉంటే చాలు, ఆ కథంతా కళ్లముందుకొస్తుంది.

పోల్చుకునే యంత్రం

కృత్రిమ మేధ జూలోకి బోధకుడిగా రాకముందే అడవిలో గుమాస్తాగా కుదిరింది. 2018 అఖిల భారత పులుల గణనలో 26,838 చోట్ల, జంతువు ఎదురుగా వస్తే దానంతటదే ఫొటో తీసే కెమెరా ట్రాపులు పెట్టారు. వచ్చిన ఫొటోలు 3 కోట్ల 48 లక్షలు. వాటిలో పులులున్నవి 76,651. రాశిని జంతువుల వారీగా విడదీయడానికి ఒక ప్రోగ్రాము, చారలను పోల్చి ఏ పులి ఏదో తేల్చడానికి మరొకటి వాడారు. మన వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. అలా 2,461 పులులను విడివిడిగా గుర్తించారు. దేశం మొత్తానికి అంచనా 2,967.

ఈ పనిని జూలో పిల్లల ముందు ఆటగా పెట్టవచ్చు. ఎదురుగా ఉన్న పులి కుడిపక్క ఫొటో తీయించి, పది ఫొటోల్లో అదెక్కడుందో కంటితో వెతకమనాలి. తర్వాత యంత్రం చేత వెతికించాలి. ఆ కాస్సేపట్లో పిల్లవాడికి రెండు తెలుస్తాయి. పులి అంటే ఒక జాతి పేరు మాత్రమే కాదు, ప్రతి పులీ ఒక్కొక్క ప్రాణి అని ఒకటి. పులులను ఎలా లెక్కపెడతారన్నది రెండోది. టాంజానియాలోని సెరెంగెటిలో కెమెరా ట్రాపులు తీసిన 32 లక్షల చిత్రాలను మొదట వేలాదిమంది ఔత్సాహికులు ఇళ్లలో కూర్చుని గుర్తించారు. ఆ గుర్తింపులతోనే తర్ఫీదు పొందిన ప్రోగ్రాము ఆ రాశిలో 99.3 శాతాన్ని 96.6 శాతం కచ్చితత్వంతో చేసిందని 2018లో పరిశోధకులు ప్రకటించారు. అది ఆ ఔత్సాహికుల కచ్చితత్వంతో సమానం. లండన్ జూను నడిపే సంస్థ ఇన్‌స్టంట్ వైల్డ్ అనే యాప్‌తో, శాన్‌డియాగో జూ కెన్యా అడవుల ఫొటోలతో ఇదే తరహాలో ప్రజల్ని గుర్తింపు పనిలోకి దించాయి. జూ గేటు దాటాక కూడా కొనసాగే చదువు ఇది.

మాట్లాడే యంత్రాల దగ్గర జాగ్రత్త అవసరం. 2024 అక్టోబరులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర మ్యూజియంలో 13 నమూనాలకు కృత్రిమ మేధతో గొంతు ఇచ్చారు. సందర్శకులు ఫోన్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి డోడోతోనో తిమింగలంతోనో ఇరవైకి పైగా భాషల్లో మాట్లాడగలిగారు. ప్రశ్నించే వయసు పిల్లలకు ఇది పండగే. కానీ చనిపోయిన డోడో తన బాధ చెప్పుకున్నంత తేలిక కాదు, బతికున్న ఎలుగుబంటి చేత మాట్లాడించడం. అది నిజంగా విసుగుతో అటూ ఇటూ ఊగుతుంటే ఫోన్‌లోని గొంతు నేను హాయిగా ఉన్నానంటే ఆ పాఠం అబద్ధమవుతుంది. పైగా ఈ భాషా నమూనాలు తెలియనిదాన్ని కూడా తెలిసినంత ధీమాగా చెబుతాయి. జీవశాస్త్రజ్ఞులు సరిచూసిన సమాచారానికే కట్టిపడేసి, జంతువు నోట కాకుండా దాన్ని సాకే మనిషి నోట మాట్లాడిస్తే నమ్మకం నిలుస్తుంది.

ఆట ఎవరిది?

సాంకేతికతను జంతువు చేతికీ ఇవ్వవచ్చని మెల్‌బోర్న్ జూ 2016లో చూపింది. అక్కడి విశ్వవిద్యాలయంతో కలిసి, కదలికలను పసిగట్టే మైక్రోసాఫ్ట్ కినెక్ట్ పరికరంతో ఒరంగుటాన్ల ఆవరణలోకి ఆటలు ప్రొజెక్ట్ చేశారు. అవి చేత్తో తాకుతూ, కావాలంటే పెదవులతో ముద్దాడుతూ ఆడుకున్నాయి. అద్దానికి ఇవతల నిలబడ్డవారు వాటి తెలివిని కళ్లారా చూశారు. ఫిన్లాండ్‌లోని హెల్సింకి జూలో సాకి కోతులకు తామే శబ్దాలు మోగించుకునే సొరంగం కట్టి ఇచ్చారు. జంతువుకు ఇష్టమైతే ఆడుతుంది, లేకపోతే వెళ్లిపోతుంది. సందర్శకుడికి ఈ ఒక్క విషయం తెలిసినా చాలు, కోతి ముందు నిలబడి కేకలు పెట్టేవాడు కొంత తగ్గుతాడు.

ప్రవర్తన మారుతుందా?

2014లో సన్ జూ ఆన్, జెరెమీ బెయిలెన్‌సన్ బృందం ప్రచురించిన ప్రయోగంలో కొందరు హెడ్‌సెట్ పెట్టుకుని, చేతిలో కంపించే రంపంతో వర్చువల్ చెట్టును నరికారు. మరికొందరు చెట్లు నరకడం గురించి చదివారు. తర్వాత ఒలికిన నీళ్లు తుడవమంటే, చదివినవారికన్నా నరికినవారు సుమారు 20 శాతం తక్కువ కాగితం వాడారు. ఆశ కలిగించే ఫలితమే. అయితే నీళ్లు తుడిచే కాగితానికీ ఏళ్లతరబడి నిలిచే అలవాటుకూ చాలా దూరం ఉంది. కొత్తదనం మోజు తీరాక ఎంత మిగిలిందో చూసిన అధ్యయనాలే ఈ రంగంలో ఎక్కువ కావాలి.

జాగ్రత్తలు ఇంకా ఉన్నాయి. జంతువు ఎక్కడుందో చెప్పే సమాచారం వేటగాడికీ పనికొస్తుంది. 2013లో మధ్యప్రదేశ్‌లోని పన్నా అభయారణ్యంలో ఒక పులి జీపీఎస్ కాలర్ సమాచారం వచ్చే ఈమెయిల్ ఖాతాలోకి ఎవరో చొరబడబోయారు. ఐనాచురలిస్ట్ వంటి వేదికలు ముప్పున్న జాతుల ఆనవాళ్ల స్థలాన్ని కావాలనే మసకబారుస్తాయి. జూలు చేయించుకునే యాప్‌లూ ఇది పాటించాలి. నడవక మూలపడ్డ తెరలు ఎలక్ట్రానిక్ చెత్త అవుతాయి. కొనడానికి పెట్టిన డబ్బులో కొంత మరమ్మతుకు పక్కన పెట్టని ప్రదర్శన ఏడాది తిరిగేసరికి నల్లటి పలకగా మిగులుతుంది.

తెలుగు నేల మీద

హైదరాబాద్ నెహ్రూ జూ పార్కు 1963లో, విశాఖ ఇందిరా గాంధీ జూ 1977లో, తిరుపతి శ్రీ వేంకటేశ్వర జూ 1987లో ఏర్పడ్డాయి. విశాఖ జూ కంబాలకొండ అడవిని ఆనుకునే ఉంది. అక్కడ ఎన్‌క్లోజర్ల నడుమ నడుస్తుంటే వినిపించే కూతల్లో బోనులో లేని పిట్టలవే ఎన్నో. కార్నెల్ పక్షిశాస్త్ర కేంద్రం వారి మెర్లిన్ యాప్ 2021 నుంచి కూతను బట్టి పేరు చెబుతోంది. బడిపిల్లలకు ఉదయం పూట అరగంట ఆ కూతలు వినిపించి, పేర్లు రాయిస్తే దానికయ్యే ఖర్చు దాదాపు సున్నా.

కారణాన్ని చూపాల్సిన చోట వర్చువల్ రియాలిటీకి సాటి లేదు, అందుకు రాబందు కథ సరైనది. తెల్లవీపు రాబందులు మన దేశంలో 1990ల నుంచి పదిహేనేళ్లలోనే 99 శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయాయి. నొప్పి తగ్గడానికి పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ మందు కళేబరంలో మిగిలి, తిన్న రాబందు మూత్రపిండాలను చంపింది. లోపలి అవయవాల మీద యూరిక్ ఆమ్లం తెల్లటి సుద్దలా పేరుకుంది. 2006లో పశువైద్యానికి ఆ మందును నిషేధించారు. ఊరి బయట పడేసిన గొడ్డు, దాని చుట్టూ వాలిన పక్షులు, ఒక్కొక్క ఏడూ తరిగిపోతున్న గుంపు, చివరికి ఖాళీ ఆకాశం. రాబందుల సంతతి పెంపకం సాగిన నెహ్రూ జూలోనే ఈ పదిహేనేళ్లనూ ఐదు నిమిషాల్లో చూపించవచ్చు.

ఏ సాధనమైనా తెలుగులో మాట్లాడాలి, అదీ అడవి తెలిసిన తెలుగులో. అలుగు, దేవాంగపిల్లి, పునుగుపిల్లి, రేసుకుక్క, కణితి. ఈ పేర్లు అనువాద యంత్రానికి వదిలేస్తే పోతాయి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన భాషిణి వేదిక తెలుగులో వినగలదు, మాట్లాడగలదు. దానికి ఈ పేర్లను నేర్పాల్సింది చెంచులూ, యానాదులూ, జూలో జంతువులను సాకేవారూ.

అన్నిటికన్నా ముందు చేయాల్సిన ప్రదర్శన ఏదంటే, నా లెక్కలో అది కలివికోడి. 1848లో ప్రకృతి శాస్త్రవేత్త జెర్డాన్ కనుగొన్న ఈ పక్షి 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల పొదల్లో ఒక స్థానికుడి చేతికి రాత్రిపూట దొరికింది. ప్రపంచంలో మరెక్కడా లేని పక్షి, ఏ జూలోనూ లేని పక్షి, చీకట్లో తప్ప బయటికి రాని పక్షి. దాని కూత మాత్రం రికార్డు చేసి ఉంది. ఒక చీకటి గది, ముళ్లపొదల నేల, ఆ కూత చాలు. తెలుగు నేల మీద ఏ జూ ఈ గది కట్టినా, పక్షిని బోనులో పెట్టకుండానే దాన్ని జనానికి పరిచయం చేసిన మొదటి చోటు అదే అవుతుంది.